ప్రభుత్వ ముక్కు

ఎన్నడూ తాగనివాడే మద్యం రుచి చెప్పడానికి అర్హుడని తేల్చడానికి అతిథి మర్యాదల శాఖకు పదకొండు నెలలు పట్టింది. కాబట్టి తొందరపడి తేల్చారని ఎవరూ అనడానికి లేదు.

సంగతేమిటంటే, అంతకు ముందు ఏడాది ఎక్కడో దూరాన ద్రాక్షతోటల దేశం నుంచి కొందరు అతిథులు వచ్చారు. వస్తూ వస్తూ తమ ఊరి గొప్ప వస్తువు ఒకటి సీసాలో పట్టుకొచ్చారు. నలభై ఏళ్లు చెక్కపీపాలో ఊరిన తియ్యటి ద్రాక్ష మద్యం అది. రసం పులుస్తూండగానే ద్రాక్ష నుంచే తీసిన ఘాటు సారాయి కలిపి ఆ పులియడాన్ని ఆపేస్తారట. అందువల్ల తీపీ ఉంటుంది, ఘాటూ ఉంటుంది. భోజనమయ్యాక చిన్న గ్లాసులో రెండు గుక్కలు పోసుకుని, అరగంట సేపు కబుర్లు చెప్పుకుంటూ తాగుతారు. మనవాళ్లు దాన్ని స్టీలు గ్లాసుల్లో నిండుగా పోసి, సోడా కలిపి, ఐసు వేసి, పక్కన మిరపకాయ బజ్జీలు పెట్టి ఇచ్చారు. అతిథుల పెద్ద కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. శాఖ నివేదికలో వాటిని ఆనందబాష్పాలు అని రాసుకున్నారు. తర్వాత ఆ దేశం నుంచి వచ్చిన ఉత్తరంలో అవి ఆనందబాష్పాలు కావని స్పష్టం చేశారు.

ఆ మద్యం పేరు పోర్టు. అందుచేత ఫైలు మొదట ఓడరేవుల శాఖకు వెళ్లి అక్కడ నాలుగు నెలలు లంగరు వేసుకుని కూర్చుంది. తిరిగి వచ్చాక ఉత్తర్వు వెలువడింది. ప్రతి ప్రభుత్వ అతిథి గృహంలోనూ ఒక ఆస్వాదనాధికారి ఉండాలి. ఆయన ఆ మద్యాన్ని చూసి, వాసన పట్టి, మంచిచెడ్డలు చెప్పి, పద్ధతి ప్రకారం వడ్డించాలి. అర్హత ఒక్కటే. ఆయనకు తాగే అలవాటు ఉండకూడదు. అలవాటున్న వాడి చేతికి సీసా ఇస్తే సీసా మాత్రమే తిరిగి వస్తుందని శాఖకు అనుభవం.

సముద్రం ఒడ్డున కొండ మీద ఉన్న అతిథి గృహంలో పధ్నాలుగు మంది సిబ్బంది. అందరికీ ఒక కాగితం ఇచ్చారు. "మీకు మద్యపానం అలవాటు ఉన్నదా? ఉన్నది, లేదు, పండగలకు మాత్రమే." పదముగ్గురు నిజాయితీపరులు మూడోదాని దగ్గర టిక్కు పెట్టారు. వంట ఎండయ్య రోజూ పండగే అని పక్కన రాశాడు కూడా. "లేదు" దగ్గర టిక్కు పెట్టినవాడు ఒక్కడే తేలాడు. బల్ల దగ్గర వడ్డన చూసే పొట్నూరు గవరయ్య.

గవరయ్య ఆ గృహంలో ఇరవై ఎనిమిదేళ్లుగా వడ్డిస్తున్నాడు. అప్పటికి ఆయన అయ్యప్ప మాల వేసుకుని మూడు వారాలైంది. నల్లబట్టలు, ఉత్తి కాళ్లు, తెల్లవారకముందే చన్నీళ్ల స్నానం. అది పద్దెనిమిదో ఏడు. పద్దెనిమిదోసారి కొండకు వెళ్లేవారు కొబ్బరి మొక్క పట్టుకెళ్లి అక్కడ నాటుతారు. ఆ తర్వాత వారిని గురుస్వామి అంటారు. గవరయ్య పెరట్లో రెండేళ్లుగా గోనెసంచీలో ఒక కొబ్బరి మొక్క ఆ ప్రయాణం కోసమే పెరుగుతోంది.

ఉపసంచాలకులు విశ్వపతిగారు ఆయన్ని గదిలోకి పిలిపించారు. విశ్వపతిగారు మాట్లాడినా ఉత్తర్వులాగే ఉంటుంది.

"గవరయ్యగారూ, శాఖ మీయందు విశ్వాసముంచి మిమ్మల్ని ఆస్వాదనాధికారిగా నియమించుటకు నిర్ణయించడమైనది."

"అదేటి స్వామీ, నేను ముట్టను గదా!"

"ముట్టరు కనుకనే నియమించడమైనది."

"ముట్టనోడు దాని రుచేటి చెప్తాడు స్వామీ? పోనీ మన ఎండయ్య స్వామి ఉన్నాడు. సీసా మూత తియ్యకుండానే ఏ ఊరిదో చెప్పీగలడు."

"అట్టివారు అనర్హులు. జ్ఞానం ఉన్నచోట ప్రలోభం ఉండును. శాఖకు కావలసినది ప్రలోభం లేని జ్ఞానం. అది లేనిచో, జ్ఞానం లేని నిష్ఠ."

గవరయ్య జేబులోంచి సెలవు చీటీ తీసి బల్ల మీద పెట్టాడు. కొండకు వెళ్లి రావడానికి పది రోజులు. ఆయన రైలు ఏ రోజున ఉందో, మళ్లీ వస్తున్న ద్రాక్షదేశం వాళ్లకు విందు సరిగ్గా దాని ముందు రోజు మధ్యాహ్నం పడింది. విశ్వపతిగారు చీటీ మీద ఒక మూల రాశారు. "విందు సవ్యంగా ముగిసిన మీదట పరిశీలించబడును."

శిక్షణ ఇవ్వడానికి హోటలు కాలేజీలో పాఠాలు చెప్పే మృణాళినిగారు వచ్చారు. విదేశంలో చదువుకున్న మనిషి, కలుపుగోలు మనిషి. గవరయ్య నల్లబట్టలు చూసి, "అక్కడ కూడా వడ్డించేవాళ్లు నల్లకోటే వేసుకుంటారండీ, మీకు సగం శిక్షణ అయిపోయినట్టే" అంది. అయితే మొదటి రోజే ఒక చిక్కు వచ్చింది. డ్యూటీలో ఉన్న ఉద్యోగి మద్యం ముట్టరాదు. డ్యూటీలో లేని ఉద్యోగి శిక్షణకు రారాదు. అందుచేత మద్యం బదులు అదే రంగులో ఉండే మరో ద్రవంతో శిక్షణ జరగాలన్నారు. వంటింట్లో వెతికితే అచ్చంగా ఆ రంగుదే దొరికింది. పానకం.

మృణాళిని గ్లాసులో రెండు వేళ్ల ఎత్తు పానకం పోసి ఇచ్చింది. "ముందు వెలుగులో పెట్టి రంగు చూడండి. ఇప్పుడు మెల్లగా తిప్పి వాసన చూడండి. ఏమేం తెలుస్తున్నాయి?"

గవరయ్య కళ్లు మూసుకున్నాడు. "బెల్లం, మిరియం, శొంఠి, యాలక్కాయ, మాతా. బెల్లం ఈ ఏటిది కాదు, నిరుటిది. డబ్బాలో కాదు, కుండలో ఉంచీసినారు. శొంఠి పొయ్యి దగ్గర పెట్టినారు, పొగ పట్టీసింది. యాలక్కాయలు తొక్కతోటే దంచీసినారు."

వంటింటి గుమ్మంలోంచి ఎండయ్య, "దంచింది నానే గానీ, ఆ తొక్క సంగతి ఎవులికీ సెప్పకు స్వామీ" అన్నాడు.

మృణాళిని ఆశ్చర్యపోయింది. పదేళ్లు నేర్చినవాళ్లకు కూడా అంత ముక్కు ఉండదంది. గవరయ్య సిగ్గుపడ్డాడు. చిన్నప్పటి నుంచీ మఠంలో ప్రసాదాలు వండేవారి పక్కన కూర్చోవడం తప్ప తను ఏమీ నేర్చుకోలేదన్నాడు. ఆ ఉత్సాహంలో ఆవిడ చేతిసంచీలోంచి వేలెడంత సీసా తీసింది. "ఇదీ అసలైనది. తాగక్కర్లేదు, వాసన చూడండి చాలు" అని మూత తియ్యబోయింది.

గవరయ్య రెండడుగులు వెనక్కి వేశాడు.

"ఒక్క మాట మాతా. ఆఘ్రాణమే అర్ధభోజనం అన్నారు గదా పెద్దలు. మరి వాసన చూస్తే సగం తాగీసినట్టేనా?"

ఆయన అడిగింది నిజంగా తెలుసుకోవాలని. మృణాళిని నవ్వేసి, అబ్బే అదేం లేదండీ అని ఉంటే అక్కడితో పోయేది. ఆవిడ అలాగే అనబోయింది కూడా. కానీ పక్కనే విశ్వపతిగారు ఉన్నారు. ఆయన చెయ్యి పైకెత్తారు.

"ఆగండి. ఇది విధానపరమైన సందేహం. శిక్షకులు వ్యక్తిగత స్థాయిలో తీర్చదగినది కాదు."

ఫైలు పైకి వెళ్లింది. మామూలుగా అయితే ఏడాది పట్టేది. విందు దగ్గర పడుతోంది కనుక తొమ్మిది రోజుల్లో జవాబు వచ్చింది. "పూర్వాచారమును, భాషా సంప్రదాయమును పరిశీలించిన మీదట, ఆఘ్రాణము అర్ధభోజనమేనని తెలియజేయడమైనది. భోజనమునకు వర్తించునది పానమునకును వర్తించును. కావున మద్యమును వాసన చూసిన ఉద్యోగి సగము తాగినట్లు భావించబడును."

మంచి ఉత్తర్వు ఒక చోట ఆగదు. మర్నాటి నుంచి అతిథి గృహం క్యాంటీన్లో వంటింటికి దగ్గరగా పనిచేసే సిబ్బందికి సగం భోజనం పెట్టడం మొదలుపెట్టారు. మిగతా సగం వాళ్లు పదకొండు గంటలకే పోపు వాసనతో పూర్తి చేశారని లెక్క. తోటమాలి మాత్రం గాలి ఎటు వీస్తే అటు కూర్చునే మనిషి కనుక, ఏ రోజుకు ఆ రోజు జెండా చూసి వడ్డించేవారు. ఇంకో ఊళ్లో రోడ్డు మీద బండివాళ్ల నోళ్లు వాసన చూసే ఉద్యోగి ఒకాయన, తను రోజుకు నలభై నోళ్లు చూస్తున్నాననీ, ఆ లెక్కన ఇరవై మంది తాగింది తనొక్కడే తాగుతున్నాననీ, తనను ఇంటిదగ్గర దింపడానికి బండి ఏర్పాటు చెయ్యాలనీ అర్జీ పెట్టుకున్నాడు. అర్జీ సహేతుకంగా ఉందన్నారు.

ఇక ఆస్వాదనాధికారి సంగతి. వాసన చూడకుండా పని జరగదు. వాసన చూస్తే సగం తాగినవాడై శిక్షకు గురవుతాడు. దీనికి దారి వెతకడానికి ముక్కు డాక్టరు ఒకరు, పండితులు ఒకరు, ఇంజనీరు ఒకరు కలిసి ఒక సంఘంగా ఏర్పడ్డారు. ఇంజనీరుగారు ముక్కుకు రెండు ద్వారాలున్న విషయం సంఘం దృష్టికి తెచ్చారు. రెండింటికీ కలిపి సగమైతే ఒకదానికి పావు. పావు వంతు తాగినవాడు తాగినవాడు కాడని పాత నియమం ఒకటి ఎక్కడో దొరికింది. ఏ ద్వారం మూయాలన్న దాని మీద రెండు రోజులు చర్చ జరిగింది. కుడి శుభప్రదం కనుక ఎడమది మూయాలని పండితులు తేల్చారు. డాక్టరుగారు అభిప్రాయం చెప్పలేదు. ఆయన భోజనం కూడా చెయ్యకుండా వెళ్లిపోయారు.

విందు నాడు బల్ల దగ్గర ఉండే సిబ్బంది అందరూ ఎడమ ముక్కులో శాఖ సరఫరా చేసిన దూది పెట్టుకోవాలని ఉత్తర్వు వచ్చింది.

ఆ సాయంత్రం గవరయ్య ఇంటికి వచ్చి పెరట్లో కొబ్బరి మొక్క పక్కన చతికిలబడ్డాడు. భార్య పైడమ్మ మొక్కకు నీళ్లు పోస్తోంది. సంగతంతా విని చెంబు పక్కన పెట్టింది.

"అయితే మీకొచ్చిన దిగులేటి స్వామీ? పావు అంటే తాగినట్టు కాదని గవుర్మెంటోరే అంటన్నారు గదా."

"గవుర్మెంటు లెక్కకి పావు సరే. దేవుడి లెక్కకో? పదిహేడు మాలలు సక్కగా వేసీసి, పద్దెనిమిదోది ముప్పావు మాలతో కొండెక్కితే పదిహేడూ ముప్పావు అవుతాది. ముప్పావు గురుస్వామి అని ఉంటాడేటి ఎక్కడైనా?"

పైడమ్మ చదువుకోలేదు గానీ లెక్క ఎక్కడ తప్పిందో ఇట్టే కనిపెడుతుంది.

"సరే. నాకొకటి సెప్పండి. మాలేసుకున్న నలభై ఒక్క రోజులూ మీరు ఆ గెస్టవుసులో ఏటి వడ్డిస్తారు?"

"వచ్చినోళ్లు అడిగింది. కోడిపులుసు, సేపల ఏపుడు."

"పద్దెనిమిదేళ్ల నుంచీ?"

"ఊఁ."

"అవి వాసన రావా?"

గవరయ్య తలెత్తాడు.

"ఆగరాణమే అరదబోజనం అయితే, మీరు ఏటేటా సగం కోడి తిని కొండెక్కినారన్నమాట. మీ పదిహేడూ ఎనిమిదిన్నరే. అప్పుడు లేని బాధ ఇప్పుడెందుకు వచ్చింది? గవుర్మెంటు కాగితం మీద రాసిందనా?"

గవరయ్య దిగులు తగ్గలేదు గానీ, పైడమ్మ అడిగినది కొబ్బరి ఈనెలా గుచ్చుకుని ఉండిపోయింది. దానికి తోడు తెల్లవారుజాము చన్నీళ్ల స్నానాలకు ఆయనకు జలుబు చేసింది.

విందుకు రెండు రోజుల ముందు రిహార్సలు జరిగింది. ఆ మద్యాన్ని గాజుకూజాలోకి వంచుకోవాలి, అడుగున ఉండే మడ్డి రానివ్వకూడదు, కూజాను ఇంటి పెద్ద తన ఎడమపక్క వాళ్లకు అందించాలి, వాళ్లు తమ ఎడమకు, అలా బల్లంతా తిరిగి పెద్ద దగ్గరకు వచ్చేదాకా దాన్ని కింద పెట్టకూడదని మృణాళిని చెప్పింది. విశ్వపతిగారు అభ్యంతరం చెప్పారు.

"ఎడమ చేత్తో ఇచ్చుట అతిథికి అవమానం."

"ఎడమ చేత్తో కాదు స్వామీ, ఎడమపక్కకి" అన్నాడు గవరయ్య. "బల్ల చుట్టూ చూడండి. గుళ్లో మనం తిరిగినట్టే తిరుగుతాది. ప్రదక్షిణే అది."

విశ్వపతిగారి ముఖం విప్పారింది. "కూజా ప్రదక్షిణ విధానము" అని రాసుకున్నారు. ఆ ఉత్సాహంలోనే ఆయనకు మరో ఆలోచన వచ్చింది. విందులో మద్యం పుచ్చుకోనివారు కూడా ఉంటారు. వాళ్లకు పానకం. ప్రభుత్వ విందులో ఎవరు ఏమి తాగుతున్నారో ఎవరికీ తెలియరాదు. కనుక రెండూ ఒకే రకం కూజాల్లో ఉండాలి. మద్యం సీసా మీది చీటీ తీసెయ్యాలి. ఏ కూజాలో ఏముందో ఒక కాగితం మీద రాసి, కవరులో పెట్టి, లక్క ముద్ర వెయ్యాలి. అలాగే చేశారు. రంగు ఎలాగూ ఒక్కటే.

విందు నాటి మధ్యాహ్నం సముద్రం గాలి హాయిగా వీస్తోంది. అతిథుల పెద్ద డొమింగోస్ గారు డెబ్బయ్యేళ్ల మనిషి. తెల్లటి మీసాలు, నవ్వే కళ్లు. నిరుడు కళ్లనీళ్లు పెట్టుకున్నది ఆయనే. ఆ సీసాలోది తను ముప్పయ్యేళ్లవాడుగా ఉన్నప్పుడు తండ్రితో కలిసి పీపాలో పోసినదట. బల్లకు అవతలి పక్క మన ఊరి పెద్దలు కూర్చున్నారు. వాళ్లలో పొన్నాడ వరహాలమ్మగారు ఒకరు. ఎనభై ఏళ్లావిడ. సారా వ్యతిరేక ఉద్యమంలో మూడుసార్లు జైలుకు వెళ్లి వచ్చారు. శాఖ వారు సమతూకం కోసం ఆవిడను పిలిచారు.

సిబ్బంది వరసగా లోపలికి వచ్చారు. అందరికీ ఎడమ ముక్కులో తెల్లటి దూది. మన పెద్దలు ఒక్కసారిగా లేచి నిలబడ్డారు.

"ఎవరు పోయారు నాయనా?" అన్నారు వరహాలమ్మగారు.

"ఎవరూ పోలేదమ్మా, ఇది ఉత్తర్వు" అన్నారు విశ్వపతిగారు.

భోజనాలు సవ్యంగానే అయ్యాయి. పలాస జీడిపప్పు పళ్లేల్లో సర్దారు. అది ఎండయ్య సలహా. ఆయన్ను మాత్రం అలవాటున్నవాడన్న కారణంగా ఆ పూట గేటు దగ్గర నిలబెట్టారు. రెండు కూజాలూ తెచ్చి బల్ల మీద పక్కపక్కన పెట్టారు. ఎండ పడి రెండూ ఒకే తీరున తేనెరంగులో మెరిశాయి. విశ్వపతిగారు లేచి నిలబడి, కవరు కోసం చెయ్యి చాచారు.

గుమస్తా మెల్లగా చెప్పాడు. "కవరు ఆమోదం కోసం రాజధానికి పంపామండి. మీరే సంతకం పెట్టారు."

విశ్వపతిగారు ఒక కూజా వైపు చూశారు. తర్వాత రెండో దాని వైపు చూశారు. మృణాళిని కుర్చీలోంచి లేచింది. "నేను చూసి చెప్తానండీ, ఒక్క క్షణం పని."

"క్షమించాలి. మీరు బయటివారు. మీది ప్రభుత్వ ముక్కు కాదు." ఆయన గవరయ్య వైపు తిరిగారు. "ఆస్వాదనాధికారి గారూ, నిర్ధారించండి."

గవరయ్య మొదటి కూజా మీదికి వంగాడు. ఏమీ తెలియలేదు. రెండోదాని మీదికి వంగాడు. ఏమీ తెలియలేదు. చన్నీళ్ల జలుబుకు ఆయన కుడి ముక్కు మూసుకుపోయి ఆరు రోజులైంది. ఎడమ ముక్కులో ప్రభుత్వ దూది ఉంది.

"కుడిది పనిచెయ్యటం నేదు స్వామీ. దూది తియ్యాలి."

"తీయుటకు పైనుంచి అనుమతి కావాలి. తీసిన యెడల మీ పావు పరిమితి దాటవచ్చును." విశ్వపతిగారి నుదుట చెమట పట్టింది. అతిథులు చూస్తున్నారు. "ఇక ఆలస్యం తగదు. శాఖ తన విచక్షణ మేరకు నిర్ణయించడమైనది." అని కుడిచేతి వైపు కూజా ఎత్తి, పెద్దావిడ కదా అని ముందుగా వరహాలమ్మగారి గ్లాసు వైపు వంచారు.

ఆవిడ రెండు చేతులతో గ్లాసు ముందుకు జరిపారు. పానకం ఇస్తున్నారని నమ్మి చాచిన చేతులవి.

గవరయ్య ఇరవై ఎనిమిదేళ్లలో ఎప్పుడూ చెయ్యని పని చేశాడు. అధికారి చెయ్యి పట్టుకుని ఆపాడు. రెండో చేత్తో ముక్కులోంచి దూది లాగి పడేశాడు. కూజా మీదికి వంగి నిండుగా గాలి పీల్చాడు.

పాత చందనపు పెట్టె మూత తీసినట్టయింది. లోపల ఎండుద్రాక్ష, వేయించిన జీడిపప్పు, పొగచూరిన చెక్క, అట్టడుగున ఎక్కడో తేనెపట్టు. ఆ వాసన ఆయన గొంతులోకి పోలేదు. నెత్తికెక్కలేదు. కాళ్లు తడబడలేదు. ఒక పెద్దాయన నలభై ఏళ్లు ఓపిగ్గా కాపాడిన వస్తువు తనకు తెలిసింది, అంతే. మాల ఎక్కడున్నది అక్కడే ఉంది.

"ఇది దొరగారిది. అమ్మగారిది ఆ పక్కది" అన్నాడు.

వరహాలమ్మగారు గ్లాసు వెనక్కి లాక్కున్నారు.

"మూడుసార్లు జైలుకెళ్లాను విశ్వపతీ. అక్కడ కూడా నాకింత ప్రమాదం రాలేదు."

డొమింగోస్ గారు కింద పడ్డ దూది వైపు చూసి, సంగతేమిటని మృణాళినిని అడిగారు. ఆవిడ చాలాసేపు చెప్పింది. వాసన, సగం, పావు, ద్వారాలు. పెద్దాయన మీసాలు కదిలేలా నవ్వి, కళ్లు తుడుచుకున్నారు. ఈసారి అవి నిజంగానే ఆనందబాష్పాలు. ఆయన చెప్పింది ఆవిడ తెలుగులో చెప్పింది.

"వాళ్ల పీపాల్లోంచి ఏటా కొంచెం ఆవిరైపోతుందట. దాన్ని దేవదూతల వాటా అంటారట. నలభై ఏళ్లలో చాలా భాగం అలాగే పోయిందట. 'వాసన పుచ్చుకునేవాళ్లు ఎప్పుడో పుచ్చుకుని వెళ్లిపోయారు, ఈయన సగం తాగడానికి ఇంక సగం ఎక్కడుంది' అంటున్నారు."

విశ్వపతిగారు చాలా గంభీరంగా విని, గుమస్తా వైపు వంగి, "ఆ దేవదూతల మీద వారి ప్రభుత్వం ఏ చర్య తీసుకున్నదో కనుక్కోవలసి ఉంది" అన్నారు.

కూజాలు రెండూ ప్రదక్షిణంగా తిరిగాయి. ఎక్కడా కింద పెట్టలేదు. డొమింగోస్ గారు పానకం కూడా రుచి చూసి, ఇది ఎన్నేళ్లు ఊరిందని అడిగారు. పొద్దున్న పదకొండుకి కలిపిందని చెబితే నమ్మలేదు.

సాయంత్రానికి గవరయ్యకు రెండు కాగితాలు అందాయి. మొదటిది మెమో. అనుమతి లేకుండా దూది తీసి, పరిమితికి మించి ఆఘ్రాణించి, సగం తాగిన స్థితిలో విధులు నిర్వహించినందుకు సంజాయిషీ ఇవ్వాలి. రెండోది సెలవు ఉత్తర్వు. విందు సవ్యంగానే ముగిసినందున సెలవు మంజూరు. సగం తాగిన ఉద్యోగి కనుక సగమే మంజూరు. పదికి అయిదు రోజులు. కొండకు వెళ్లడానికి అనుమతి ఉంది. రావడానికి లేదు.

"వెళ్లనిచ్చినారు గదా. తేవటం ఆయన పని" అంది ఇంటి దగ్గర పైడమ్మ, పైకి చూపించి.

గవరయ్య ఆ రాత్రే మెమోకు జవాబు రాసి, మర్నాడు ఆఫీసులో ఇచ్చి రైలెక్కాడు. "అయ్యా, నేను రోజూ పూజలో స్వామికి నైవేద్యం పెడతాను. స్వామి వాసనే పుచ్చుకుంటాడు. గిన్నెలో మెతుకు తగ్గినట్టు ఇరవయ్యేళ్లలో నేను చూడలేదు. శాఖ వారికి అనుమానముంటే ముందూ వెనకా తూచుకోవచ్చును. ఇట్లు, విధేయుడు."

పదకొండో రోజు ఆయన తిరిగి వచ్చాడు. మెడలో మాల లేదు. పెరట్లో మొక్క కూడా లేదు. అది కొండ మీద ఉంది. నేరుగా విశ్వపతిగారి గదికి వెళ్లి, నమస్కారం పెట్టి, సంచీలోంచి అరవణ ప్రసాదం డబ్బా తీశాడు. మూత తెరిచాడు. నెయ్యి, పాకం, ఉడికిన బియ్యం వాసన గదంతా నిండింది. బల్ల వెనక విశ్వపతిగారు తెలియకుండానే ముందుకు వంగారు.

గవరయ్య డబ్బా ఆయన ముక్కు దగ్గరకు జరిపి ఒక క్షణం ఉంచాడు. ఆ తర్వాత మూత పెట్టేశాడు.

"వాసన వచ్చిందాండి?"

"వచ్చింది."

"అయితే సగం ముట్టినట్టేనండి."

చాచిన చెయ్యి బల్ల మీద అలాగే ఉండిపోయింది. విశ్వపతిగారు ఆ చేతి వైపు చూశారు, మూత వైపు చూశారు. ఆయన నోట ఉత్తర్వు భాష రాలేదు.

"గవరయ్యా" అన్నారు. "మీ అమ్మ కడుపు చల్లగా... తియ్యవయ్యా మూత."

ప్రసాదం ఎవరికీ లేదనకూడదు. గవరయ్య మూత తీసి, సగం కాదు, నిండు చెంచా ఆయన అరచేతిలో పెట్టాడు. విశ్వపతిగారు కళ్లకద్దుకుని నోట్లో వేసుకున్నారు. వేళ్లకు అంటినది కూడా నాకారు.

"వాసనకీ దీనికీ ఎంత తేడా ఉందయ్యా" అన్నారు చివరికి.

ఆ మాట మాత్రం ఫైల్లోకి ఎక్కలేదు.